పన్నెండు నిమిషాల జవాబు

దిల్‌సుఖ్‌నగర్ బిట్ల ఊరు. మెట్రో స్తంభాల వెంబడి చైతన్యపురి నుంచి మూసారాంబాగ్ దాకా నడుస్తూ బోర్డులు చదవండి. కానిస్టేబుల్, డీఎస్సీ, గ్రూప్-2, గ్రూప్-4, బ్యాంకు. దాదాపు అన్నింట్లోనూ నాలుగింట్లో ఒకదాన్ని గుర్తించడమే పని. సూర్యాపేట నుంచో దేవరకొండ నుంచో వచ్చి ఎల్బీనగర్‌లో బస్సు దిగిన పిల్లలు హాస్టల్లో బెడ్డు, స్టడీహాల్లో కుర్చీ మాట్లాడుకుని ఏళ్లతరబడి బిట్లు చేస్తారు. గ్రూప్-1 ప్రిలిమ్స్ కూడా బిట్లే. అది దాటిన పిల్లవాడికి మెయిన్స్‌లో ఉన్నట్టుండి తెల్లకాగితం ఎదురవుతుంది.

మా వదిన, అంటే మా మేనత్త కూతురు, ఇక్కడి ఒక కోచింగ్ సెంటర్‌లో మెయిన్స్ పిల్లలకు జవాబులు రాయడం నేర్పుతుంది. మా నాన్న జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరై ఎల్బీనగర్‌లో ఉంటున్నారు. ఏటా ఇంటర్ స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లి పేపర్లు దిద్దిన మనిషి. మంచి జవాబు ఏదన్న దగ్గర వీళ్లిద్దరికీ పొసగదు. నేను చాలావరకు నాన్న పక్షం. అయితే వదిన అన్న ఒక మాటకు ఆయన దగ్గర చాలినంత సమాధానం లేదు. దాన్ని కూడా ఉన్నదున్నట్టు రాశాను.

వదిన: ముందు లెక్క చూడండి మామయ్యా. 2024 అక్టోబర్ 21 నుంచి 27 దాకా జరిగిన మెయిన్స్‌లో, పాసైతే చాలనే ఇంగ్లిష్ కాక ఆరు పేపర్లు. ఒక్కోటి 150 మార్కులు, మూడు గంటలు. ఎస్సే పేపర్ తీసేస్తే మిగతావాటిలో చాలావరకు పేపరుకు పదిహేను ప్రశ్నలు. ప్రశ్నకు పన్నెండు నిమిషాలు. అందులోనే ప్రశ్న చదవాలి, గుర్తు తెచ్చుకోవాలి, రాయాలి. ఇంత తక్కువ టైంలో కొత్తగా ఆలోచించమంటే అది పిల్లవాణ్ని ముంచడమే. అందుకే నేను చట్రం ఇస్తాను. రెండు వాక్యాల పరిచయం, నాలుగు ఉపశీర్షికలు, ఒక్కోదాని కింద రెండు మూడు పాయింట్లు, ఒక చిన్న పటం, ముందుచూపుతో ముగింపు. చెయ్యి దానంతటది కదలాలి.

నాన్న: చెయ్యి దానంతటది కదిలితే దిద్దేవాడి చెయ్యి కూడా దానంతటదే కదులుతుంది బిడ్డా. స్పాట్‌లో మా ముందు పెట్టే కట్టలో ఒకే కాలేజీ పిల్లల పేపర్లు వరసగా వచ్చేవి. మొదటి వాక్యం అందరిదీ ఒకటే. నాలుగో పేపర్‌కొచ్చేసరికి చదవడం మానేసి వెతకడం మొదలుపెడతాం. శీర్షికలు ఉన్నాయా, సంవత్సరాలు ఉన్నాయా అని. ఉంటే సగటు మార్కు. తప్పేమీ లేదు కనుక తగ్గించం, పట్టి నిలబెట్టేదేమీ లేదు కనుక పెంచం. నీ పిల్లలు పోటీపడేది ఇంటర్ పాసవడానికి కాదు గదా. 2024 నోటిఫికేషన్‌లో పోస్టులు 563. మెయిన్స్ రాసినవాళ్లు ఇరవై వేల పైచిలుకు. అక్కడ సగటు మార్కు అంటే ఉద్యోగం లేనట్టే.

వదిన: సగటు దాకా రాలేని పిల్లవాడి సంగతి మీకు తెలియదు. ఇంజినీరింగ్ చదివాడు. డిగ్రీ తర్వాత వరసగా ఐదు వాక్యాలు రాసిన పాపాన పోలేదు. మొదటి వారం క్లాసులో పేపరిచ్చి రాయమంటే పెన్ను మూత తీసి అట్లాగే కూర్చుంటాడు. విషయం తెలియక కాదు. అదే విషయం మీద బిట్ ఇస్తే తడుముకోకుండా పెడతాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు, అంతే. మా నాన్నకు మీలాంటి బావ ఉన్నాడు, నాకు వ్యాసాలు దిద్ది పెట్టారు. వాడి ఇంట్లో రాయడం చూపించేవాళ్లు ఎవరూ లేరు. వాడికి నేనిచ్చే చట్రమే మొదటి మెట్టు. దాన్ని కూడా లాగేసుకుని సొంతంగా ఆలోచించు అనడం, ఇంట్లో పుస్తకాలున్నవాళ్లకు మాత్రమే పనికొచ్చే సలహా.

(నేను చెప్పిన మాట ఇదే. నాన్న కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నది కూడా దీనికి సూటి సమాధానం కాదు.)

నాన్న: మొదటి వారానికి సరే. ఆరో నెలలో కూడా అదే చట్రం పట్టుకుని పరీక్ష హాల్లోకి వెళ్తున్నాడే, నా బాధ దాని గురించి. నీ సంచిలో పేపర్లున్నాయిగా, ఒకటి తియ్యి.

వదిన తీసిన పేపర్‌లో ప్రశ్న తెలంగాణ ఉద్యమం మీద: 1971 ఎన్నికల్లో తెలంగాణ ప్రజాసమితి అంత గెలిచినా ప్రత్యేక రాష్ట్రం ఎందుకు రాలేదు? ఆరో పేపరంతా ఉద్యమ చరిత్రే కాబట్టి, ప్రతి కోచింగ్ సెంటర్‌లోనూ దీని చుట్టూ తిరిగే ప్రశ్నలుంటాయి. పిల్లవాడి జవాబు ముల్కీ నియమాలతో మొదలైంది. 1952 ముల్కీ ఉద్యమం, 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం, దాని ఉల్లంఘనలు, పాల్వంచ, ఖమ్మంలో నిరాహారదీక్ష, ఉస్మానియా విద్యార్థులు, కాల్పులు, మర్రి చెన్నారెడ్డి నాయకత్వం, 1971లో 10 లోక్‌సభ స్థానాలు, విలీనం, 1973 ఆరుసూత్రాల పథకం. చివర, ఈ ఉద్యమం మలిదశకు పునాది వేసిందని ముగింపు. పక్కనే బాణం గుర్తులతో కాలక్రమ పటం. చేతిరాత ముత్యాల్లా ఉంది.

వదిన: నేను పదికి ఆరున్నర వేశాను.

నాన్న: నేను నాలుగు వేస్తాను.

వదిన: ఒక్క తప్పు లేదు మామయ్యా!

నాన్న: తప్పు లేదు, జవాబూ లేదు. ఎందుకు రాలేదని అడిగితే ఏమేం జరిగిందో చెప్పాడు. పది సీట్లు గెలిచారన్న ముక్క వాడి పేపర్‌లో తొమ్మిదో పాయింటు. ప్రశ్న మొదలయ్యేదే అక్కడ. అంతకు ముందరి చరిత్రంతా ప్రశ్న వేసినవాడికి తెలుసు, అందుకే అది దాటి అడిగాడు. వాణ్ని ఒక్క పని చెయ్యమను, ఢిల్లీ వైపు చూడమను. 1971లో ఇందిరాగాంధీకి వచ్చినవి 352 సీట్లు. ఈ పదిమంది మద్దతు ఆమెకు అవసరమా? లేదు. సమితి నాయకుల్లో ఎక్కువమంది ఎక్కణ్నుంచి వచ్చారు? కాంగ్రెస్ నుంచి. అదే ఏడాది సెప్టెంబర్‌లో తిరిగి ఎక్కడికి పోయారు? అక్కడికే. బదులుగా దొరికిందేంది? బ్రహ్మానందరెడ్డి దిగిపోవడం, తెలంగాణవాడైన పీవీ నరసింహారావు ముఖ్యమంత్రి కావడం. అంటే ఓటుకు బలముంది గానీ ఆ బలంతో బేరమాడే చోటు లేదు. ఇదీ జవాబు. దీన్ని మొదటి రెండు వాక్యాల్లో పెట్టి, మిగతా పేజీ అంతా దీన్ని నిలబెట్టడానికి వాడుకోవాలి.

వదిన: సరే. మరి 2004లో కాంగ్రెస్‌కు 145 సీట్లే. టీఆర్ఎస్‌వి ఐదు. అప్పుడు ఐదుగురు కూడా లెక్కలోకి వచ్చారు, యూపీఏ కనీస ఉమ్మడి కార్యక్రమంలోకి తెలంగాణ మాట ఎక్కింది. ఆ పోలిక ఒక్క వాక్యంలో వస్తే మీ వాదం ఇంకా గట్టిపడుతుంది.

నాన్న: అదీ! ఆ వాక్యం నీ చట్రంలో ఏ శీర్షిక కింద వస్తుంది?

వదిన: ఉండండి, నా మాట కానివ్వండి. మీ జవాబుకు లోటుంది. అంతా ఢిల్లీ లెక్కే అన్నారు. 1969 ఉద్యమంలో ముందు నిలిచిన సమస్య ఉద్యోగాలు. కదిలింది ముఖ్యంగా విద్యార్థులు, ఉద్యోగులు. మలిదశకొచ్చేసరికి నీళ్లు, నిధులు, నియామకాలు మూడూ కలిశాయి. నీళ్ల మాట రాగానే రైతు వచ్చాడు, ఊరు వచ్చింది. 2011 సెప్టెంబర్ 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. అట్లా నడపగల సంఘాల అల్లిక 1971లో లేదు. నాయకులు విలీనమైతే ఉద్యమాన్ని నిలబెట్టే రెండో వరస లేదు. మీ పద్ధతిలో ఒక్క వాదం దొరగ్గానే పిల్లవాడు దాన్నే పట్టుకుని మిగతాది వదిలేస్తాడు. దిద్దేవాడి దగ్గర విలువ కట్టే పాయింట్ల జాబితా ఉంటుంది. నాలుగు పాయింట్లలో మూడు లేకపోతే ఎంత బాగా వాదించినా మార్కులు పోతాయి. చట్రం ఆ నాలుగూ మరిచిపోకుండా కాపాడుతుంది.

నాన్న: ఇప్పుడు నువ్వు చెప్పింది చట్రం నుంచి రాలేదు బిడ్డా, నాతో వాదిస్తే వచ్చింది. నా కారణానికి నువ్వు ఇంకో కారణం ఎదురు పెట్టావు. రెండూ పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువ బరువో తేల్చితే పదికి ఏడు ఎక్కడికీ పోదు. ‘రాజకీయ కారణాలు, సామాజిక కారణాలు, ఆర్థిక కారణాలు’ అని మూడు డబ్బాల్లో వేస్తే ఆ బరువు తేల్చే పని ఉండదు. అన్నీ సమానమే అన్నట్టు కనబడుతుంది. చరిత్రలో అన్నీ సమానమైన సందర్భం నేనెక్కడా చూడలేదు.

వదిన: పేపర్ దిద్దేది మీరైతే పర్వాలేదు. ఎవరు దిద్దుతారో తెలియదే! 2025 సెప్టెంబర్ 9న హైకోర్టు సింగిల్ జడ్జి ఇదే గ్రూప్-1 ర్యాంకుల జాబితాను కొట్టేసి పేపర్లు మళ్లీ దిద్దమన్నారు. అదే నెల 24న డివిజన్ బెంచ్ ఆ తీర్పును నిలిపివేసింది. ఆ రెండు తేదీల మధ్య మా క్లాసులో పిల్లల మొహాలు చూడాల్సింది. తెలుగు మీడియంలో రాసినవాళ్లయితే మరీను. ఒకే పేపర్‌ను ఇద్దరు దిద్దుతారు, మార్కుల తేడా ఎక్కువైతే మూడోవాళ్ల దగ్గరికి పోతుంది. అంటే తేడా వస్తుందని ముందే తెలిసి పెట్టుకున్న ఏర్పాటు గదా. అలాంటప్పుడు ఏ కంటికైనా కనిపించేట్టు శీర్షికలు, కింద గీతలు పెట్టుకోవడం పిల్లవాడి జాగ్రత్త.

నాన్న: శీర్షిక పెట్టొద్దని నేననడం లేదు. ‘రాజకీయ కారణాలు’ అని కాకుండా ‘352 సీట్ల ముందు పది సీట్లు’ అని పెట్టమంటున్నా. శీర్షిక చదివితేనే జవాబు సగం తెలియాలి. ఇద్దరు కాదు, పదిమంది దిద్దినా అది కనబడుతుంది.

వదిన ఈ మాట రాసుకుంది. నాకూ ఆ సాయంత్రం విన్నవాటిలో వెంటనే వాడుకోదగ్గది ఇదే అనిపించింది.

నాన్న: నేను చరిత్ర చెప్పినవాణ్ని కాబట్టి ఒకటి చెబుతాను. చైనాలో మింగ్ రాజుల కాలం నుంచి కొలువు పరీక్షలకు ఎనిమిది కాళ్ల వ్యాసం అని ఉండేది. విషయం ఏదైనా ఎనిమిది భాగాలు, ఏ భాగంలో ఏం చెయ్యాలో ముందే ఖాయం. వందల ఏళ్లు నడిచింది. చివరికి అది తెలివిని చంపుతోందని అక్కడివాళ్లే తిట్టి తిట్టి, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వదిలేశారు. 1905లో ఆ పరీక్షలే రద్దయ్యాయి.

వదిన: వందల ఏళ్లు ఎందుకు నడిచిందో కూడా చెప్పండి మరి. రాజధానిలో గురువుల దగ్గర చదివినవాడికీ, మారుమూల ఊళ్లో చదివినవాడికీ ఒకే కొలత దొరికింది. నిబంధన తెలిసి ఉంటే దాన్ని ఎవరైనా నేర్చుకోవచ్చు. ‘మంచి వ్యాసం రాయి’ అని ఊరుకుంటే మంచి అంటే ఏందో తెలిసిన ఇళ్ల పిల్లలే గెలుస్తారు. మన దగ్గరే చూడండి. మెట్‌పల్లి నుంచి వెళ్లి 2017 సివిల్స్‌లో దేశానికి మొదటి ర్యాంకు తెచ్చుకున్న దురిశెట్టి అనుదీప్, తన పద్ధతిని దాచుకోలేదు, జవాబులు రాయడం మీద పుస్తకమే వేశారు. నేర్పితే వచ్చే విద్య కాబట్టే గదా.

నాన్న: నేర్పితే వస్తుంది, అందులో నాకు పేచీ లేదు. ఏది నేర్పుతున్నామన్నదే పేచీ. ఆయనకు ముందటి ఏడాది, 2016 సివిల్స్‌లో మూడో ర్యాంకు ఎవరిది? శ్రీకాకుళం జిల్లా నుంచి రోణంకి గోపాలకృష్ణ. తెలుగులో రాశారు. తెలుగులో సివిల్స్ మెటీరియల్ అంతంత మాత్రం. తయారుగా దొరకదు గనుక చదివిందాన్ని తన మాటల్లోకి తానే తెచ్చుకోవాలి. ఇప్పుడు మన పిల్లలకు తెలుగులో నోట్సు గుట్టలుగా దొరుకుతోంది, సగం ఇంగ్లిష్ నుంచి మక్కికి మక్కి దించింది. దాన్ని బట్టీ పట్టినవాడి పేపర్‌లో ‘సమ్మిళిత సుస్థిర సాధికారత’ అని ఉంటుంది. ఏమిట్రా అది అంటే చెప్పలేడు. తెలుగు అకాడమీ పాత పుస్తకాల్లో వాక్యం బరువుగా ఉండొచ్చు గానీ, అర్థం లేని వాక్యం తక్కువ.

వదిన: అంకెల మాట కూడా అనండి, మిమ్మల్ని ఆపను. పోయిన వారం ఒక పేపర్‌లో ‘నీతి ఆయోగ్ ప్రకారం 67 శాతం’ అని ఉంది. ఎక్కడిదని అడిగితే ‘ఏదో ఒక అంకె ఉండాలి గదా మేడం’ అన్నాడు. అంకె పెట్టమని నేర్పింది నేనే. నిజం అంకె పెట్టమని విడిగా చెప్పాల్సి వస్తుందని అనుకోలేదు.

నాన్న: రేపు వాడు ఆర్డీవో అయితే అట్లాగే నివేదిక రాస్తాడు. ఇది మార్కుల సంగతి కాదు. తెలియని అంకె వదిలేసి, తెలిసిన ఒక్క సంగతి గట్టిగా రాసినవాడికే మార్కులు రావాలి. అంబేడ్కర్ పేరు మీద ఆయన అనని మాటలు రాసే పిల్లల పేపర్లు చూస్తే నాకు కోపం కాదు, దిగులేస్తుంది.

ఇక్కడ ఇద్దరూ ఒక్కమాట మీదికి వచ్చారు. వ్యాసం పేపర్ మాట వచ్చేసరికి మళ్లీ విడిపోయారు. ఆ పేపర్‌లో మూడు విభాగాలు, విభాగానికొక వ్యాసం, ఒక్కోటి 50 మార్కులు. అంటే వ్యాసానికి గంట.

నాన్న: గంట ఉన్నప్పుడు కూడా పన్నెండు నిమిషాల వేషమే వేస్తున్నారు. పట్టణాల్లో వరదల మీద రాయమంటే 2015 పారిస్ ఒప్పందంతో మొదలు. ఆ పిల్లవాడు ఉండే హాస్టల్ ఎక్కడ? సరూర్‌నగర్ చెరువుకు కూతవేటు దూరం. 2020 అక్టోబర్ వానకు ఆ చెరువు కింది కాలనీల్లో ఇళ్లల్లోకి నీళ్లొచ్చాయి. అవతల మూసీ. 1908 సెప్టెంబర్‌లో ఆ నది నగరాన్ని ముంచితే విశ్వేశ్వరయ్యను పిలిపించారు, 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి హిమాయత్‌సాగర్ కట్టుకున్నారు. నదికి పైన నీటిని ఆపే ఏర్పాటు చేసి, దిగువన చెరువుల గొలుసును మనమే తెంపుకున్నాం. వందేళ్ల కథ కాళ్ల కిందే ఉంటే పారిస్ దాకా ఎందుకు పోవాలి?

వదిన: నా భయం చెబుతాను. ‘మా హాస్టల్ దగ్గర నీళ్లొచ్చాయి’ అని మొదలుపెడితే పిల్లవాడు దాన్ని కథలాగా సాగదీస్తాడు, రెండు పేజీలు పోతాయి. దిద్దేవాళ్లకు అది సొంత గోడులాగా కనబడుతుంది. పైగా అడిగింది దేశంలోని పట్టణాల గురించి.

నాన్న: గోడు వద్దు. 1908, 1920, 1927, 2020. నాలుగు సంవత్సరాలతో నాలుగు వాక్యాలు. ఐదో వాక్యం నుంచి చెన్నై, ముంబై, బెంగళూరు. ఒక ఊరు లోతుగా తెలిసినవాడు రెండో ఊరి గురించి సరైన ప్రశ్న అడగగలడు. అప్పుడు పారిస్ ఒప్పందం తీసుకురమ్మను, దానికొక పని దొరుకుతుంది.

వదిన: నాలుగు వాక్యాల్లో ఆపగలిగితే ఒప్పుకుంటాను. వ్యాసానికి మీ పద్ధతే, పది మార్కుల ప్రశ్నకు నాదే. అక్కడ ఆలోచనకు టైం లేదు.

నాన్న: రాసే ముందు రెండు నిమిషాలు పెన్ను పెట్టకుండా కూర్చోమను. ప్రశ్న ఎక్కడ మొదలవుతోంది, నా జవాబు ఒక్క వాక్యంలో ఏమిటి? ఈ రెండే.

వదిన: పదిహేను ప్రశ్నలకు అరగంట. మిగిలింది నూటయాభై నిమిషాలు, ప్రశ్నకు పది. నా క్లాసులో సగంమంది చేతివేగానికి పది నిమిషాల్లో పేజీన్నర దాటదు.

నాన్న: పేజీన్నరే రాయమను. ఆ 1971 పేపర్‌లో మొదటి పేజీ మొత్తం అక్కర్లేనిదే గదా?

వదిన: పక్కవాడు పేజీలు తిప్పుతుంటే మనవాడు పేజీన్నరతో ధైర్యంగా కూర్చోవాలి. ఆ ధైర్యం నేను మాటలతో ఇవ్వలేను, మార్కులు చూపించి ఇవ్వాలి. ఒక పని చేద్దాం. సోమవారం బ్యాచ్‌ను సగం చేస్తాను. సగంమంది నా చట్రంతో, సగంమంది మీ రెండు నిమిషాలతో. పేర్లుండవు, అంకెలే. మీరూ నేనూ విడివిడిగా దిద్దుదాం. పేపర్‌కు నాలుగు నిమిషాలు మించి తీసుకోకూడదు మీరు.

నాన్న: సరే. తేడా ఎక్కువొచ్చిన పేపర్లు?

వదిన: మూడోవాళ్లకు ఇద్దాం, నిబంధన ప్రకారం.

నాన్న: వద్దు. ఆ పిల్లవాణ్నే పిలిచి, నువ్వేం చెప్పాలనుకున్నావని అడుగుదాం. వాడు నోటితో చెప్పింది కాగితం మీద ఎంత ఉందో వాడికే చూపిద్దాం.

వదిన: అట్లాగే. ఆరున్నరకు రండి, క్లాసు మూడో అంతస్తులో. ప్రశ్న మీరే తయారుచెయ్యండి. 1969 మాత్రం వద్దు, అది వాళ్లకు నోటికొచ్చు.